నీళ్ళు తగిలితే మంట

సాంబమూర్తి గారు మొదటి దెబ్బకే పోయారు. ఆ తర్వాత పడ్డవన్నీ కోపం కొద్దీ కొట్టిన దెబ్బలు. పచ్చడిబండతో ఒక తలని అన్నిసార్లు మోదాలంటే చంపాలన్న ఉద్దేశం ఒక్కటే చాలదు, ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న కసి ఉండాలి. హాలు గోడ మీద, టీవీ మీద, ఆఖరికి సీలింగ్ ఫ్యాన్ రెక్క మీద కూడా నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

"బొద్దింకల మందు కొట్టడానికి వచ్చిన కుర్రాడికి ఈ పెద్దాయన మీద ఇంత కసి ఎందుకుంటుంది సీఐ గారూ?" అన్నాను.

సీఐ సీతారాములు నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"మేడం, మీరు ల్యాబుల ఉన్నన్ని రోజులు మీ రిపోర్టు కోసం మీ గడప కాడ నిలబడ్డ. గిప్పుడు మీరు ప్రైవేటు. పెద్దసారు ఫోన్ చేసిండని లోపటికి రానిచ్చిన. చూసుడైతే చూసుకోన్రి. నాకు పాఠాలు చెప్పకున్రి."

నా పేరు బిందుమాధవి. ఫోరెన్సిక్ ల్యాబులో విషాల విభాగంలో పనిచేసేదాన్ని. పై అధికారితో పడక ఉద్యోగం మానేసి ఎల్బీనగర్‌లో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాను. సీతారాములు పట్టుకొచ్చిన ముద్దాయిల్లో కొందరు నా రిపోర్టుల వల్ల విడుదలయ్యారు. ఆయన అది మరిచిపోలేదు, నేనూ మరిచిపోనివ్వలేదు.

పోలీసుల కథ ప్రకారం నిన్న మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ ఫ్లాట్‌కి మోహన్ అనే పెస్ట్ కంట్రోల్ కుర్రాడు వచ్చాడు. సాంబమూర్తి ఒక్కరే ఉన్నారు. ఆయన భార్య లలితకుమారి మందు వాసన పడదని పొద్దున్నే నాగోల్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళింది. మోహన్ బీరువా తెరుస్తూ దొరికిపోయి, పెద్దాయన్ని చంపి, భయపడి తన పురుగుల మందు తనే తాగేశాడు. ఇదే అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే లలితకుమారి తమ్ముడు మురళీకృష్ణ సాయంత్రం వచ్చి, చూసి, పోలీసులకు ఫోన్ చేశాడు. లలితకుమారి ఇప్పుడు బాడీ కోసం మార్చురీ దగ్గర కూర్చుందని సీతారాములు చెప్పాడు.

కథ నున్నగా ఉంది. ఒక్కటే చిక్కు, మోహన్ ఇంకా చావలేదు.

నన్ను పెట్టుకున్నది మోహన్ భార్య పుష్పలత. పొద్దున్న ఆమెతో కలిసి సర్కారు దవాఖానకి వెళ్ళాను. ముద్దాయి కాబట్టి వేరే గదిలో పెట్టి, బయట ఒక కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టారు. మోహన్‌ని మంచానికి కట్టేసి ఉంచారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నాలుక ఎండి అట్టకట్టింది. కంటిపాపలు విచ్చుకుని నల్లగుడ్డంతా అవే అయ్యాయి. వేళ్ళు గాల్లో లేని పోగుల్ని ఏరుతున్నాయి. పక్కనున్న మిషన్ మీద గుండె పరిగెడుతోంది. పై పెదవి లోపలి వైపు చీరుకుపోయి ఉంది, ముందు పన్ను సగానికి విరిగింది. మణికట్ల చుట్టూ ఎర్రటి మరకలు. నెత్తురని నర్సు చెప్పింది. నేను వంగి వాసన చూశాను. ఆవపిండి ఘాటు, నువ్వుల నూనె.

డ్యూటీ డాక్టర్ విజయశ్రీ సూటిగానే మాట్లాడింది. "పక్కన దొరికిన సీసా మీద పత్తి పురుగుల మందు పేరుందండీ. దానికి అట్రోపినే విరుగుడు. రాత్రి నుంచీ డోసు పెంచుకుంటూ పోతున్నాం."

"ఒళ్ళు ఇలా కాలడం, నాలుక ఎండిపోవడం అట్రోపిన్ ఎక్కువైతే వచ్చేవి. సీసాలో ఆ మందు లేకపోతే? అప్పుడు మీ విరుగుడే అతన్ని చంపుతుంది."

"లేదని రుజువు తెండి, ఆపేస్తాను. మీరు చెప్పారని ఆపితే, రేపు అతను పోతే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

ఆమెని తప్పు పట్టలేను. కానీ ఆ గుండె ఆ పరుగుతో ఈ సాయంత్రం దాకా ఆగదని నాకు తెలుసు. మోహన్ ఒక్కడే సాక్షి. అతను పోతే హంతకుడి కింద లెక్కేసి ఫైలు మూసేస్తారు. పుష్పలత జీవితాంతం హంతకుడి పెళ్ళాంగా బతకాలి.

అందుకే సీతారాములు విసుగుని పట్టించుకోకుండా అడిగాను. "ఆ సీసా ఒకసారి ఇవ్వండి."

"ఎవిడెన్స్ మేడం గది."

"తాగనులెండి. వాసన చూసి ఇచ్చేస్తాను."

ఆయన గొణుక్కుంటూ కవరు విప్పాడు. గ్లవ్ వేసుకుని మూత వదులు చేసి ముక్కుకి దూరంగా పట్టుకున్నాను. పత్తి చేలలో కొట్టే ఆ మందుకి కుళ్ళిన వెల్లుల్లి కంపు ఉంటుంది. ఒక్కసారి ముక్కున పడితే రెండు రోజులు అన్నం సయించదు. ఈ సీసాలోంచి కిరసనాయిలు లాంటి పలచటి వాసన వచ్చింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నా ముక్కుకి తగిలింది కూడా అదే.

వెంటనే పుష్పలతకు ఫోన్ చేశాను. "మీ ఆయన దగ్గర పత్తి మందు సీసా ఒకటి ఉండేదా?"

"ఆ, ఉన్నదక్కా. మా నాయిన చేనుకు తెచ్చిన సీసా. మూత గట్టిగుంటది, బండి మీద పెడితే కారదని మోహన్ కడిగి పెట్టుకున్నడు. పెద్ద డబ్బలకెల్లి అండ్ల పోసుకొని పనికి తీస్కపోతడు. వాళ్ళ పనిల అందరు గట్లనే చేస్తరు."

"ఈ మాట డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"నాకు సీసా ఎవలు చూపెట్టిన్రక్కా? మందు తాగిండన్నరు. నిన్నటి సంది ఏడ్సుడే అయితున్నది."

ఇంట్లో ఉన్న ఆమె అత్త ఎలీశమ్మ పక్కింటివాళ్ళ ఫోన్‌తో పెద్ద డబ్బా ఫొటో తీయించి పంపింది. లేబుల్ మీద సైపర్‌మెత్రిన్ అని ఉంది. పైరెత్రాయిడ్ జాతి మందు. చామంతి లాంటి ఒక పువ్వులో ఉండే విషానికి మనుషులు ఫ్యాక్టరీలో చేసుకున్న నకలు. దోమల మందుల్లో, బొద్దింకల స్ప్రేల్లో, కూరగాయల తోటల్లో అంతటా దీని చుట్టాలే. పురుగుకి, తేనెటీగకి, చేపకి చుక్కలో వెయ్యో వంతు చాలు. మనిషి ప్రాణం అంత తేలిగ్గా తీయదు. కానీ చిక్కటి మందుని గొంతులో పోస్తే నరాలు అదుపు తప్పుతాయి, వణుకు, ఫిట్స్, స్పృహ పోవడం. దీనికి అట్రోపిన్ విరుగుడు కాదు. ఈ మనిషికి మందు మీద మందు పోసి రాత్రంతా రెండోసారి విషం పెట్టారు.

ఫొటో విజయశ్రీకి పంపాను. ఆమె మాటల్లో మొదటిసారి తడబాటు వినిపించింది. "అట్రోపిన్ ఇప్పుడే ఆపేస్తున్నానండీ. ఫిట్స్‌కి మాత్రం మందు ఇస్తాను. గుండె నెమ్మదిస్తే మెలకువ రావచ్చు."

సీతారాములు అంతా విని నవ్వాడు. "మందు పేరు మారితే హంతకుడు మారతడా మేడం? గా మందు గాకపోతే గీ మందు. తాగిండైతే తాగిండు గద."

"తాగేవాడు సీసా మూతితో తన పన్ను తను విరగ్గొట్టుకోడు. పెదవి లోపల చీరుకుపోదు. చేతులు కట్టేసి, నోట్లో కుక్కి పోశారు. మీరు ఆ కుర్రాడి నోరు తెరిచి చూశారా?"

ఆయన నవ్వు ఆగింది. నేను బాల్కనీ వైపు నడిచాను.

బాల్కనీ గాజు తలుపు కింద సందులో తడిపి కుక్కిన న్యూస్ పేపర్లు చెదిరి ఒక పక్కకు పోయాయి. వాటి అవతల నీళ్ళ పంపు కింద సిమెంటు తొట్టి, అందులో తామరాకులు. నీళ్ళ మీద చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పీకలదాకా కోపం వచ్చింది నాకు. పేపర్లు కుక్కింది మోహన్, చేపలు చావకూడదని. తన పని మొదలుపెట్టేముందు ఎవరివో చేపల గురించి ఆలోచించిన మనిషిని వీళ్ళు హంతకుడన్నారు.

"స్ప్రే కొట్టిండు, సచ్చినయ్," అన్నాడు సీతారాములు.

"తలుపు మూసి సందు కుక్కి లోపల కొట్టాడు. తర్వాత ఎవరో తలుపు తీసి, ఈ పంపు దగ్గర మొహం కడుక్కున్నారు. మొహానున్న మందంతా తొట్టిలో పడింది. మురళీకృష్ణ గారిని పిలవండి."

మురళీకృష్ణ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. జేబురుమాలుతో బుగ్గలు అద్దుకుంటున్నాడు. నేను వచ్చినప్పటి నుంచీ అదే పని.

"నిన్న ఎన్నింటికి వచ్చారండీ?"

"సాయంత్రం ఐదయ్యుంటుందండీ. తలుపు తోశాను. బావగారు అలా పడున్నారు. నేను గుమ్మం దాటలేదు, అక్కడి నుంచే ఫోన్ చేశాను."

"స్ప్రే పంపు గానీ మందు గానీ ముట్టుకున్నారా?"

"ఎందుకు ముట్టుకుంటానండీ?"

"మొహానికి ఏమైంది?"

"చెమటకాయలు. మే నెల ఎండలు చూస్తున్నారుగా."

"అయ్యో, ఇలా బాల్కనీలోకి రండి. చల్లగా నాలుగు దోసిళ్ళు కొట్టుకుంటే హాయిగా ఉంటుంది."

వద్దనడానికి కారణం దొరకలేదతనికి. ఎండలో నిలబడి పంపు తిప్పి మొహాన నీళ్ళు కొట్టుకున్నాడు. రెండో దోసిలికి పళ్ళు బిగించాడు. మూడో దోసిలి పట్టలేకపోయాడు.

"ఉండండి, కొబ్బరినూనె తెస్తాను," అని వంటింట్లోకి వెళ్ళాను.

వంటింటి అరుగు మీద మూడు ఆవకాయ జాడీలు వరసగా ఉన్నాయి. వాటిని చూస్తూ కాసేపు అక్కడే ఆగిపోయాను. తర్వాత కొబ్బరినూనె సీసా తీసుకుని బాల్కనీకి వచ్చాను. సీతారాములు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ హాల్లో తిరుగుతున్నాడు.

మురళీకృష్ణ నూనె బుగ్గలకు రాసుకున్నాడు. నుదుటికి, ముక్కు పక్కలకు, కళ్ళ కింద. కాసేపటికి అతని భుజాలు కిందికి దిగాయి. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"తగ్గిందా?"

"ఆ... చాలా తగ్గిందండీ."

"చెమటకాయలకు కొబ్బరినూనె రాస్తే ఇంకా చిరాకు పుడుతుంది మురళీ గారూ. నూనెకి తగ్గి, నీళ్ళకి, చెమటకి, ఎండకి పెరిగే మంట ఒకటుంది. ఎర్రదనం ఉండదు, పొక్కులు ఉండవు, సూదులతో పొడిచినట్టు ఒక రోజంతా ఉంటుంది. ల్యాబులో చేరిన కొత్తలో ఒక చుక్క నా బుగ్గ మీద పడితే తెల్లారేదాకా ఏడ్చాను. పైరెత్రాయిడ్ మందు మొహాన పడితే వచ్చే మంట అది. గుమ్మం దాటని మనిషి మొహానికి ఎలా వచ్చింది?"

అతను వెనక్కి చెయ్యి చాపి గాజు తలుపు లాగి గడియ పెట్టాడు.

నేను అరిచేలోపే అతని చెయ్యి నా చున్నీ అందుకుంది. మెడ చుట్టూ ఒక మెలిక తిప్పి గ్రిల్‌కేసి నా తల కొట్టాడు. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. రెండోసారి కొట్టినప్పుడు నోట్లో ఏదో విరిగింది. మొన్ననే డబ్బు పోసి రూట్ కెనాల్ చేయించిన పన్ను అది. ఆ కోపంలోనే అతని బొటనవేలు కొరికాను. ఎముక తగిలేదాకా వదల్లేదు. అతను అరుస్తూ నన్ను తొట్టి మీదికి తోసి, నా మొహాన్ని ఆ చచ్చిన చేపల మధ్య నీళ్ళలోకి నొక్కాడు. ఊపిరి ఆడలేదు. చేతికి ఒక పూలకుండీ తగిలింది. మోకాలు ఎక్కడుంటుందో అంచనా వేసి దాంతో మోదాను. కటుక్కుమన్న చప్పుడు నీళ్ళలోంచి కూడా వినిపించింది.

గాజు తలుపు పగిలి పడింది. సీతారాములు లాఠీతో లోపలికొచ్చి కిందపడ్డ మనిషి నడుం మీద, భుజం మీద కొట్టడం మొదలుపెట్టాడు. లాఠీ విరిగేలా ఉంది. నేను దగ్గుతూ, నెత్తురు ఉమ్ముతూ, "చాలు, వీడు మాట్లాడాలి," అని రెండు చేతులతో ఆ లాఠీ పట్టుకోవాల్సి వచ్చింది.

మురళీకృష్ణ గాజుపెంకుల మీద పడుకునే మాట్లాడాడు. "నేనే. బావని కొట్టింది నేనే, ఆ కుర్రాడి నోట్లో మందు పోసింది నేనే. ఇంకెవరికీ సంబంధం లేదు. రాసుకోండి."

సీతారాములు బేడీలు వేశాడు. ఆయన మొహంలో కొంచెం సిగ్గు కనిపించింది, కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. ఫోన్ తీసి దవాఖానలో ఉన్న కానిస్టేబుల్‌కి చెప్పాడు. "అరే, గా పోరడు ముద్దాయి కాదు. అసలోడు దొరికిండు. నువ్వు ఆడ ఉండుడు బంద్, స్టేషన్‌కు రా." నా వైపు చూసి, "అయిపాయె మేడం. మీరే గెలిచిన్రు," అన్నాడు.

"అప్పుడే కాదు," అన్నాను. చున్నీతో మూతి తుడుచుకుని ఇద్దర్నీ వంటింటి గుమ్మం దాకా లాక్కెళ్ళాను. అంటే మురళీకృష్ణని సీతారాములు లాక్కొచ్చాడు, నేను గోడ పట్టుకుని నడిచాను.

"ఈ మూడో జాడీకి వాసెన ఎవరు కట్టారు మురళీ గారూ?"

అతని మొహం పాలిపోయింది.

సీతారాములుకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. "ఇది కొత్తావకాయ. కలిపిన రోజు జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టేస్తారు. ఈ రెండు గుడ్డలు చూడండి, నూనె, కారం పీల్చి ఎర్రగా ఉన్నాయి. మూడోది తెల్లగా ఉంది, బీరువా మడతలు ఇంకా పోలేదు. పాత గుడ్డ విప్పి మోహన్ చేతులు కట్టారు. అతని మణికట్ల మీద అందరూ నెత్తురనుకున్నది ఆవకాయ నూనె. సరే, గుడ్డ విప్పారు. ఖూనీ చేసినవాడు జాడీని అలా నోరు తెరిచే వదిలేసి పోతాడు. ఇక్కడ మాత్రం ఎవరో బీరువా తీసి, ఉతికిన గుడ్డ వెతికి, అంచులు లోపలికి మడిచి, మిగతా రెండింటికీ ఉన్న ముడే వేసి కట్టారు. ఎందుకంటే తడి గాలి తగిలితే ఏడాది పచ్చడి బూజు పడుతుంది. మా అమ్మ చేతులైనా అదే చేస్తాయి. హాల్లో మొగుడి తల పగిలి ఉన్నా, నేల మీద ఒక కుర్రాడు గిలగిల కొట్టుకుంటున్నా, ఆ చేతులు తమ పని తాము చేసుకుపోతాయి."

మురళీకృష్ణ గోడకి జారగిలపడ్డాడు. ఏడుపు మొదలైంది.

"పెళ్ళైనప్పటి నుంచీ కొట్టాడండీ మా అక్కని. నిన్న తను నాగోల్ వెళ్ళనే లేదు. మందు వాసన తగలకుండా జాడీలు పక్కింట్లో పెట్టొస్తానంది. పక్కింటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా అని చెంప పగలగొట్టాడు. అక్క చేతిలో పచ్చడిబండ ఉంది. నాకు ఫోన్ చేసేసరికే అంతా అయిపోయింది."

"ఆ కుర్రాడేం చేశాడు?"

"తలుపు మూసుకుని మందు కొడుతున్నవాడు, నేనొచ్చిన చప్పుడు విని లోపలి గదిలోంచి వచ్చాడు. చూశాడు. నేను పట్టుకోబోతే స్ప్రే పంపుతో మందు నా మొహాన కొట్టాడు. ఇద్దరం కలిసి కట్టేశాం. నోట్లో పోద్దామన్నది... అక్కే."

లలితకుమారి మొదటి దెబ్బ ఎందుకు కొట్టిందో నాకు అర్థమైంది. దానికి నా మనసులో ఎక్కడో జాలి కూడా ఉంది. కానీ సీసా తీసి, కట్టేసిన మనిషి పన్ను విరిగేలా నోట్లో కుక్కిన చేతుల మీద నాకు ఏ జాలీ లేదు.

"ఆమె గిప్పుడు ఏడున్నది?" సీతారాములు అడిగాడు.

జవాబు నాకు ముందే తట్టింది. "మీరే పొద్దున్న చెప్పారు కదండీ. బాడీ కోసం మార్చురీ దగ్గర కూర్చుందని. అదే దవాఖానలో."

ఆయన వెంటనే కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు. అతను అప్పటికే బండెక్కి, దవాఖానకి దూరంగా ఒక సిగ్నల్ దగ్గర ఉన్నాడు. నేను పుష్పలతకు చేశాను. రెండు రింగులకే ఎత్తింది. గొంతులో నిన్నటి నుంచీ లేని వెలుగు.

"అక్కా, మోహన్ కండ్లు తెరిసిండు. మా అత్తకు చెప్పిన, ప్రార్థన చేస్తున్నది. నువ్వు చెప్పినంక డాక్టరమ్మ మందు బంద్ చేసింది గదా..."

"పుష్పా, గదిలో ఎవరున్నారు?"

"గా సచ్చిపోయిన సారు భార్య వొచ్చిన్రక్కా. నీ మొగున్ని నేను క్షమించిన, ఒక్కసారి చూసి పోతనన్నరు. అట్లాంటి మాట మా పాస్టరయ్య నోట తప్ప నేనెన్నడు ఇనలే. ఆమెను చూసి మోహన్ గజగజ వొణుకుతుండు. మందు వొణుకు ఇంక పోలేదేమో, నేను కూసుంటా, నువ్వు పోయి డాక్టరమ్మను పిల్సుకరాపో అన్నరు. మెట్లు దిగుతున్న."

"వెనక్కి పరిగెత్తు," అన్నాను. "ఏమీ అడక్కు. ఆమెని అతని దగ్గర్నుంచి లాగెయ్యి. ఎవరు కనిపిస్తే వాళ్ళని పిలువు. పరిగెత్తు పుష్పా."

చెప్పుల చప్పుడు ఆగింది. తర్వాత మెట్లెక్కి పరిగెడుతున్న చప్పుడు, రొప్పు, ఎవరినో తోసుకుంటూ పోతున్న అలికిడి. ఆ తర్వాత చేత్తో తలుపు చెక్కని బాదుతున్న మోత. సీతారాములు నా మొహంలోకి చూస్తూ కదలకుండా నిలబడ్డాడు.

"అక్కా," అంది పుష్పలత. "లోపటికెల్లి గొళ్ళెం పెట్టిన్రు."